పల్లాకు తెగులు సరే, పుచ్చు సంగతేమిటి?

రోహిణి కార్తె దగ్గర పడింది. వానాకాలం విత్తనం కోసం గుమ్మి మూతలు, డబ్బా మూతలు తీసే రోజులివి. గోదావరిఖని చుట్టుపక్కల ఊళ్లలో ఈ నెల మేము కూర్చున్న ప్రతిచోటా ఒకటే మాట విన్నాం. "పెసలు పుచ్చిపోయినయ్ అన్నా. డబ్బాల చెయ్యి పెడితే పిండే వస్తున్నది." కందులదీ అదే కథ. మంచి గింజ చూసి, ఎండబెట్టి, చెరిగి దాచుకున్న విత్తనం ఎనిమిది నెలలు నిలవలేదు. ఇప్పుడు మళ్లీ పట్నం పోయి, సంచి కొని, అది మొలుస్తదో లేదో అనుకుంటూ చల్లుకోవాలి.

పుచ్చును ఇంటి పనిలో వచ్చిన లోపంగా చూడటం మనకు అలవాటు. "సరిగ్గ ఎండబెట్టలే", "మూత సరిగ్గ పెట్టలే" అని ఆడవాళ్లను అంటాం. పొరపాటు అక్కడ కూడా ఉండవచ్చు. కానీ విత్తన రకంలోనే ఉన్న బలహీనతను ఎవరూ మాట్లాడరు. మేము ఈసారి దాని గురించే రాస్తున్నాం.

ముందు పురుగు సంగతి. మనం పుచ్చు పురుగు అనేదాన్ని శాస్త్రవేత్తలు బ్రూకిడ్ అంటారు. మన పప్పుగింజలను ఎక్కువగా పాడుచేసేవి రెండు జాతులు: కాలోసోబ్రూకస్ మాక్యులేటస్, కాలోసోబ్రూకస్ చైనెన్సిస్. ఇది గుమ్మిలో పుట్టేది కాదు, చేను నుంచే వస్తుంది. కాయ ముదిరి ఎండేటప్పుడు తల్లి పురుగు దాని మీద గుడ్డు పెడుతుంది. కోత, కుప్ప, కళ్లం దాటి అది మన ఇంట్లోకి వస్తుంది. ఆ తర్వాత గింజ మీదనే గుడ్లు అతికిస్తుంది. పెసర గింజ మీద తెల్లటి చుక్కలు కనిపిస్తే అవి గుడ్లే. గుడ్డు అడుగు నుంచే పిల్ల పురుగు గింజను తొలుచుకొని లోపలికి పోతుంది, లోపలే తిని పెరుగుతుంది. గుండ్రటి కంత చేసుకొని రెక్కల పురుగు బయటికి వచ్చేదాకా మనకేమీ కనిపించదు. వేడి రోజుల్లో ఇదంతా మూడు నాలుగు వారాల్లో అయిపోతుంది. బయటికొచ్చిన పెద్ద పురుగు గింజను తినదు. పది రోజులో, ఇంకా తక్కువో బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చస్తుంది. కంత కనబడ్డ రోజున మందు వెతికితే ఆలస్యమైనట్టే, ఎందుకంటే తినేవన్నీ ఇంకా గింజల లోపలే ఉన్నాయి.

ఇక రకం సంగతి. అన్ని గింజలూ ఈ పురుగుకు ఒకే తీరుగా లొంగవు. మన ఇంట్లోనే చూడండి. పెసలు, అలసందలు ముందు పోతాయి. మినుములు ఆగుతాయి. సాగులో ఉన్న మినుము చైనెన్సిస్ జాతి పురుగును పెరగనియ్యదని, మాక్యులేటస్ జాతికి మాత్రం లొంగుతుందని పరిశోధకులు తేల్చారు. అందుకే ఒక ఇంట్లో మినుములు మంచిగుంటే ఇంకో ఇంట్లో పుచ్చుతాయి. శనగల్లో మందమైన, గరుకు పొట్టున్న దేశవాళీ గింజ మీద గుడ్లు తక్కువ పడతాయి. నున్నటి పలుచటి పొట్టున్న కాబూలీ శనగ మీద ఎక్కువ పడతాయి.

తట్టుకునే గుణం రెండు తీర్లుగా ఉంటుంది. ఒకటి గింజ పైన: పొట్టు గరుకుగానో మందంగానో ఉంటే పురుగు గుడ్డు పెట్టడానికి ఇష్టపడదు. రెండోది గింజ లోపల: గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలికి పోతుంది, కానీ అక్కడున్న కొన్ని ప్రొటీన్లు దాని జీర్ణశక్తిని దెబ్బకొడతాయి. పిల్ల చచ్చిపోతుంది, లేదా ఎదగడానికి రెట్టింపు రోజులు తీసుకుంటుంది. ఈ రెండో గుణమే విలువైనది. పైపొట్టును నమ్ముకుంటే, వేరే గింజ దొరకనప్పుడు పురుగు దాని మీదనే గుడ్లు పెడుతుంది.

పురుగు చావకపోయినా, ఎదుగుదల ఆలస్యమైతే చాలు, రైతుకు ఎంత లాభమో లెక్క వేసి చూద్దాం. ఒక తల్లి పురుగు 60 గుడ్లు పెట్టిందని, సగం బతికాయని, నెలకు ఒక తరం అని అనుకుందాం. నెలకు 30 పురుగులు. అందులో సగం ఆడవి, రెండో నెలకు 450. మూడో నెలకు 6,750. అదే గింజ కొంచెం గట్టిదై, అయిదింట ఒక వంతే బతికి, తరానికి 45 రోజులు పట్టిందనుకోండి. నెలన్నరకు 12, మూడు నెలలకు 72. ఒకే ఇల్లు, ఒకే డబ్బా, ఒకే పురుగు. మార్చింది గింజనే.

ఇది ఊహ కాదు, ప్రపంచంలో పని జరిగింది. మడగాస్కర్‌లో సేకరించిన ఒక అడవి పెసరను టీసీ 1966 అంటారు. దానిలో ఈ పురుగును తట్టుకునే గుణం ఉందని, అది ఒకే ఒక్క బలమైన జన్యువు ద్వారా వస్తుందని 1980ల చివర జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఒకే జన్యువు కాబట్టి మామూలు సంకరంతోనే సాగు పెసరలోకి తేవచ్చు, బీటీ పత్తి లాంటి తతంగం అక్కర్లేదు. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం వందల పెసర రకాలను జల్లెడ పట్టి, సాగు రకాల్లోనే తట్టుకునే వాటిని పట్టుకుంది. వి 2709, వి 2802 అనేవి అందులోవే. ఆ కేంద్రానికి దక్షిణాసియా కార్యాలయం ఎక్కడుందో తెలుసా? మన పటాన్‌చెరులో, ఇక్రిశాట్ ఆవరణలో. అలసందల్లో నైజీరియాలోని ఇబాదాన్ పరిశోధన కేంద్రం టీవీయూ 2027 అనే రకాన్ని కనిపెట్టింది. పురుగును పూర్తిగా ఆపదు గానీ, బాగా నెమ్మది చేస్తుంది.

దీనిలో రెండు జాగ్రత్తలున్నాయి, దాచిపెట్టము. పురుగు కూడా ఊరుకోదు. టీవీయూ 2027 మీదనే తరాల తరబడి పెంచితే, దానిని తినగలిగే పురుగులు తయారయ్యాయని ప్రయోగశాలలో తేలింది. మనం పత్తి మీద గులాబీ పురుగుతో చూస్తున్నదే ఇది. రెండోది, పురుగు కడుపును ఆపే పదార్థం మన కడుపులోకి కూడా పోతుంది. ఆస్ట్రేలియాలో రాజ్మా నుంచి అలాంటి ఒక జన్యువును బఠాణీలోకి జన్యుమార్పిడితో చేర్చారు. పురుగు ఆగింది. కానీ ఆ బఠాణీ తిన్న ఎలుకలకు ఊపిరితిత్తుల్లో వాపు లక్షణాలు వచ్చాయని 2005లో తేలింది, ఆ పనిని ఆపేశారు. ఆపడమే సరైన పని. పచ్చి రాజ్మా తింటే వాంతులెందుకు అవుతాయో తెలిసిన వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కాబట్టి "పుచ్చని రకం" అని ఎవరైనా సంచి తెస్తే, తిని చూసిన పరీక్షలేవి, ఉడికించి చూశారా అని అడగాలి.

ఇంతవరకు ఒప్పుకున్నాక మా ఫిర్యాదు చెప్తాం. కొత్త పెసర రకం విడుదలైతే ఏం రాస్తారు? ఎన్ని రోజుల పంట, ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు, పల్లాకు తెగులుకు ఎంత తట్టుకుంటుంది, ఒకేసారి కోతకు వస్తుందా. వరంగల్ పరిశోధన కేంద్రం ఇచ్చిన డబ్ల్యూజీజీ 42 యాదాద్రి పెసర పల్లాకును తట్టుకోవడం వల్లనే మన దగ్గర నిలబడింది, దాన్ని మేము కాదనం. పల్లాకు వస్తే పంటే ఉండదు. కానీ కోసుకున్న గింజ డబ్బాలో ఎన్ని నెలలు ఆగుతుంది అన్న మాట మాత్రం ఏ సంచి మీదా, ఏ కరపత్రంలోనూ మాకు కనిపించలేదు. ఎందుకు? సంచి కొని విత్తి, పంటంతా అమ్మి, మళ్లీ సంచి కొనే రైతును మనసులో పెట్టుకొని రకాలు చేస్తే, ఆ ప్రశ్న పుట్టదు. విత్తనం దాచుకునే రైతును మనసులో పెట్టుకుంటేనే పుడుతుంది.

విత్తనం దాచుకోవడం మనకు ఎవరో పెట్టిన భిక్ష కాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలో 39వ సెక్షన్ ఉంది. రైతు తన పొలంలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ ఉన్న రకమైనా సరే, బ్రాండ్ పేరు పెట్టి అమ్మకూడదు, అంతే. చట్టం హక్కు ఇచ్చింది. పుచ్చు పురుగు దాన్ని మార్చిలోపే తినేస్తున్నది. కాగితం మీద హక్కు ఉండి, డబ్బాలో పిండి ఉంటే ఏం లాభం?

మన బొగ్గు గనుల ప్రాంతంలో ఈ బాధ ఇంకో రెండింతలు. పెసర, కంది, అలసంద, ఉలవ పండేది చెలకల్లో. ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చిన ఊళ్లలో మొదట పోయింది ఆ చెలకలే. మిగిలిన తరి పొలాల్లో కాలువ నీళ్లకు వరి, నల్లరేగడిలో పత్తి. కంది పత్తి చేనులో సాలుకు ఒకటిగా మిగిలింది. ఇల్లు, భూమి పోయినప్పుడు అధికారులు చెట్లు లెక్కపెట్టారు, బాయి లెక్కపెట్టారు, ఇంటి గోడలు కొలిచారు. గుమ్మిలో ఉన్న విత్తనాన్ని మాత్రం ఏ పంచనామాలోనూ రాయరు. పునరావాస కాలనీలో స్లాబు ఇంట్లో మట్టి గుమ్మికి చోటెక్కడ? మట్టి గోడల చల్లటి అర్ర పోయి, రేకుల కింద, స్లాబు కింద ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి. వేడి పెరిగితే పురుగు తరం ఇంకా తొందరగా తిరుగుతుంది. ఇట్ల మూడు తరాలు చేతులు మారిన పెసరలు, కందులు మా మండలాల్లో ఎన్ని ఇళ్లలో ఆరిపోయాయో ఎవరూ రాసిపెట్టలేదు.

అట్లని "నాటు విత్తనం పుచ్చదు" అనే మాటను మేము ఒప్పుకోము. మన సభల్లో ఇది తరచూ వినబడుతుంది, చప్పట్లూ కొడతారు. నాటుదైనా చాలా రకాలు పుచ్చుతాయి. వందల రకాలు పరీక్షిస్తే పట్టుమని పది కూడా తట్టుకోలేదంటే అర్థం అదే. కానీ ఆ కొన్ని ఏ ఇంటి కుండలో ఉన్నాయో ఎవరికి తెలుసు? జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఎన్నో రకాల పప్పులు, చిరుధాన్యాలు బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచి, ఊరి విత్తన బ్యాంకులు నడిపించారు. 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి అందుకున్నారు. వాళ్లు చదువుకున్న శాస్త్రవేత్తలు కాదు, మన అక్కల్లాంటి వాళ్లే. మన గనుల ప్రాంతంలో అట్లాంటిది ఒక్కటి లేకపోవడం మన సంఘం తప్పు కూడా.

అందుకే ఈ ఎండాకాలంలో రెండు పనులు అనుకున్నాం.

మొదటిది సీసా పరీక్ష. ప్రతి గ్రామ కమిటీ తన ఊళ్లో దొరికిన పెసర, అలసంద, కంది రకాలు తేవాలి, సంచిలో కొన్నవీ, ఇంట్లోవీ. అన్నీ ఒకేలా ఎండినవి, ఒకే యేటివి అయి ఉండాలి. లోపల దాగిన పురుగు పోవడానికి మూటకట్టి వారం రోజులు ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెట్టాలి. ఒక్కో రకానికి మూడు గాజు సీసాలు, సీసాకు నూరు గింజలు. పుచ్చిన డబ్బా నుంచి అప్పుడే బయటికొచ్చిన పురుగులు పది చొప్పున వేయాలి. మూతికి పలుచటి బట్ట కట్టి నీడలో పెట్టాలి. వారం తర్వాత పురుగులు తీసేసి, గింజల మీద తెల్ల చుక్కలు లెక్కపెట్టాలి. ఇరవయ్యో రోజు నుంచి రోజూ చూసి, ఎన్ని పురుగులు బయటికొచ్చాయో రాసుకుంటూ, వాటిని తీసేస్తూ అరవై రోజుల దాకా పోవాలి. చుక్కలే తక్కువైతే పొట్టు బలం. చుక్కలు ఎక్కువ ఉండి పురుగులు తక్కువ వస్తే, ఆ గింజను పారేయకండి, మాకు చెప్పండి. లెక్కలు బడికి పోయే పిల్లలకు అప్పగిస్తే మనకన్నా బాగా రాస్తారు.

రెండోది, దొరికిన వాటిని పట్టుకొని అడగడం. రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి, జగిత్యాల పొలాస పరిశోధన కేంద్రానికి సంఘం తరఫున వినతిపత్రం ఇస్తాం. పప్పుజాతి రకం ఏది విడుదల చేసినా పుచ్చు పరీక్ష చేసి ఫలితం కరపత్రంలో రాయాలి. పటాన్‌చెరులో అందుబాటులో ఉన్న తట్టుకునే రకాలతో మన వాడుక పెసరను కలిపే పని ప్రభుత్వ విశ్వవిద్యాలయమే చేయాలి. కంపెనీకి ఇస్తే అది మళ్లీ సంచి ధరలోకి వస్తుంది. 2025–26లో పెసలకు క్వింటాల్‌కు 8,768 రూపాయల మద్దతు ధర ప్రకటించారు. పుచ్చు హద్దు దాటిన సరుకును కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. అంటే పుచ్చు మన విత్తనాన్నే కాదు, ఆ ధరను కూడా తింటుంది.

రకం వచ్చేదాకా ఇంట్లో ఉన్న గింజను కాపాడుకోవాలి. ఈ పదిహేను రోజులు మన రామగుండం ఎండే మందు. నేల మీద గోనెసంచులు, దాని మీద నల్ల పాలిథిన్ షీటు, దాని మీద బాగా ఎండిన గింజలు పలుచగా, పైన తెల్లటి పారదర్శక షీటు, అంచుల మీద మట్టి. నడి మధ్యాహ్నం గంటన్నర ఉంచితే చాలు. 57 డిగ్రీల వేడిలో గంట ఉంటే గుడ్డు, పిల్ల, పెద్ద పురుగు అన్నీ చస్తాయని అలసందల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. తడి ఉన్న గింజను మాత్రం ఇట్ల పెట్టవద్దు, ఉడకబెట్టినట్టే. పంటితో కొరికితే టక్కుమని పగలాలి. విత్తన ధ్రువీకరణ లెక్కలో పప్పు విత్తనానికి తేమ 9 శాతం దాటకూడదు. చల్లారినాక నూరు గింజలు తడిబట్టలో మొలకెత్తించి చూడండి, 75 మొలిస్తే విత్తనమే. ఆ తర్వాత గాలి చొరని సంచిలో కట్టాలి. రెండు మందమైన పాలిథిన్ సంచులు ఒకదానిలో ఒకటి, బయట గోనె; గాలి పిండి, మూతి మెలిపెట్టి రెండుసార్లు కట్టాలి. లోపల ప్రాణవాయువు అయిపోయి పురుగు ఆగిపోతుంది. కొద్ది విత్తనమైతే కిలోకు 5 మిల్లీలీటర్ల వేప నూనె గానీ కానుగ నూనె గానీ పట్టించండి.

బూడిద గురించి కొందరు అడిగారు. పిడకల బూడిద మంచిదే. సన్నటి పొడి పురుగు ఒంటి మీది మైనాన్ని గీరి ఎండగొడుతుంది, గింజల మధ్య సందులు మూసి కదలనియ్యదు. మనకిక్కడ బూడిదకు కరువా, కుందనపల్లి బూడిద చెరువే ఉంది కదా అని నవ్వుతూ అన్నారు ఒక పెద్దాయన. నవ్వుకోండి గానీ ఇంటికి తేకండి. బొగ్గు బూడిదలో సీసం, ఆర్సెనిక్ లాంటి లోహాలుంటాయి. తినే పప్పులో కలిపేది కాదు.

ఇంకొక్కటి, నవ్వులాట కానిది. పుచ్చు గోళీలు, అంటే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు, ఇంట్లో డబ్బాల్లో వేసి పక్కనే పడుకునే వాళ్లున్నారు. తేమ తగిలితే దాని నుంచి ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది, మూసిన అర్రలో పిల్లలు ముందు పోతారు. అది అనుమతి ఉన్న నిపుణుల పర్యవేక్షణలో గోదాముల్లో వాడేది. దుకాణంలో చేతికిస్తే తీసుకోవద్దు, ఇచ్చిన దుకాణం సంగతి మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక ప్రతి మాకు పంపండి.

సీసాల లెక్కలు జులై నెలాఖరుకల్లా గ్రామ కమిటీల నుంచి రావాలి. రకం పేరు తెలియకపోతే మీ ఊళ్లో ఏమని పిలుస్తారో అదే రాయండి. ఎవరి ఇంటి నుంచి తెచ్చారో, వాళ్లకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో కూడా రాయండి. ఆగస్టు సంచికలో అన్నీ అచ్చువేస్తాం.